మీగడలా తేలే మంచినీరు



మే నెల సగానికి వచ్చిందంటే రైతు ఇంటిలోనైనా, పట్నవాసుల ఇంటిలోనైనా అందరి చెవులూ ఒకే వార్త కోసం ఎదురుచూస్తుంటాయి. ‘నైరుతి రుతుపవనాలు కేరళను తాకాయి’ అన్నదే ఆ వార్త. వాతావరణ శాఖ ఈ మాటను ఊహపై ఆధారపడి ప్రకటించదు. అందుకు 14 కేంద్రాలను ఎంచి పెట్టుకున్నది. మే 10వ తేదీ తరువాత ఆ కేంద్రాలలో కనీసం 60 శాతం చోట్ల వరుసగా 2 రోజులు 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి వాన కురవాలి. గాలుల తీరు కూడా అందుకు అనుగుణంగా ఉండాలి. అప్పుడే ప్రకటన వెలువడుతుంది. ఈ 14 కేంద్రాలలో రెండు ప్రధాన భూభాగం మీద లేవు. అవి మినికాయ్, అమిని. రెండూ అరేబియా సముద్రం నడుమ ఉన్న లక్షద్వీప్ దీవులే. మన పొలాలకు రావలసిన వాన కబురును ముందుగా విని చెప్పేవారిలో ఆ చిన్న దీవులు కూడా ఉన్నాయన్నమాట.

ఆ దీవులలో నివసించేవారు దాదాపు అందరూ మన ధార్మిక సోదరులే. అయినా వారి జీవితం గురించి మన ఇళ్ళలో తెలిసినది చాలా తక్కువ. అందుకే ఈ నెల లక్షద్వీప్ రాజధాని కవరత్తి దీవి నేలను గురించి, వానను గురించి, ముఖ్యంగా అక్కడి బావులను గురించి నాలుగు మాటలు వ్రాయదలచాము. ఆ బావులలో మనకు కూడా ఒక పాఠం ఉన్నదని మా విశ్వాసం.

కవరత్తి కొచ్చి నగరానికి పడమరగా సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. దాని విస్తీర్ణం ఇంచుమించు 4 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 11,221 మంది నివసిస్తున్నారు. దీవి పొడవునా నడిచి వెళ్ళడానికి ఒక పూట చాలు. ఎక్కడ నిలబడినా నేల సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. కొండ లేదు, గుట్ట లేదు, వాగు లేదు, నది లేదు. ఉన్నదల్లా తెల్లని పగడపు ఇసుక, దానిమీద దట్టమైన కొబ్బరి చెట్లు, వాటి నీడలో ఇళ్ళు, ఆ ఇళ్ళ నడుమ అడుగడుగునా మసీదులు.

ఈ దీవి పుట్టుకకూ మన తెలుగు నేలకూ ఒక సంబంధం ఉన్నది. జహీరాబాదు, వికారాబాదు ప్రాంతాలలోను, రాజమహేంద్రవరం సమీపంలోను కనిపించే నల్లరాయి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం భూగర్భం నుండి ఉబికివచ్చిన లావా గడ్డకట్టగా ఏర్పడినది. భూమి లోతులలోని అదే అగ్నిస్థానం మీదుగా మన భూభాగం ఉత్తరానికి జరుగుతూ పోగా, దాని వెనుక సముద్రం అడుగున ఒక పర్వతశ్రేణి మిగిలిపోయిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ శ్రేణి శిఖరాలపైన పగడపు పురుగులు గూళ్ళు కట్టాయి. శిఖరాలు మెల్లగా కుంగుతూ ఉంటే పురుగులు పైపైకి కట్టుకుంటూ వచ్చాయి. పగడపు వలయాలు ఇలా ఏర్పడతాయని 1842లో డార్విన్ వివరించాడు. గోరంత కూడా లేని జీవులు కట్టిన కట్టడంపై నేడు వేలాది మంది సజ్దా చేస్తున్నారు. సుబ్‌హానల్లాహ్!

ఆ వలయం అమరికలో కూడా ఒక హిక్మత్ ఉన్నది. దీవి వలయానికి తూర్పు అంచున ఉంటే, పడమటి వైపు నిస్సారమైన, పచ్చని నీటి మడుగు, దానికి ఆవల పగడపు గట్టు ఉన్నాయి. నైరుతి గాలులు పడమటి నుండే అలలను తరుముకువస్తాయి. ఆ అలలు ముందుగా గట్టును ఢీకొని విరిగిపోతాయి. దీవిని చేరే సరికి వాటి బలం చాలావరకు తగ్గిపోతుంది. గట్టే లేకపోతే ఊరూ లేదు.

ఇక వాతావరణం. ఏడాది పొడవునా ఎండ, ఉక్క రెండూ ఉంటాయి. మనకు తెలిసిన చలికాలం అక్కడ లేదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు ప్రధానమైన వానలు కురుస్తాయి. అక్టోబరు, నవంబరు నెలలలో మరికొంత పడుతుంది. జనవరి నుండి ఏప్రిల్ వరకు దాదాపు పొడి కాలమే. మొత్తం మీద ఈ దీవులలో ఏడాదికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మన హైదరాబాదులో సగటున 800 మిల్లీమీటర్లు, అనంతపురంలో 550 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే హైదరాబాదుకంటే దాదాపు రెండింతల వాన. అటువంటి చోట నీటి కొరత ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే వాన ఎంత కురిసినా దానిని నిలిపే చెరువు లేదు, జలాశయానికి చోటు లేదు. ఇసుక నేల గనుక పడిన నీరు పడినట్టే లోపలికి ఇంకిపోతుంది. ఆ లోపల ఉన్నది రాతి పొర కాదు, చిల్లులమయమైన పగడపు నేల. దాని రంధ్రాల నిండా సముద్రపు నీరే.

అల్లాహ్ సామర్థ్యాన్ని ఇక్కడే గమనించాలి. ఇంకిన వాననీరు సముద్రంలో కలిసి నశించిపోదు. అది ఉప్పునీటికంటే తేలిక. అందువలన పాలమీద మీగడ తేలినట్లు ఉప్పునీటిపై తియ్యని నీరు ఒక పలుచని పొరగా తేలుతూ నిలుస్తుంది. దీవి నడుమ ఆ పొర మందంగా, అంచులకు పోయేకొద్దీ పలుచగా, కళ్ళజోడు బిళ్ళ ఆకారంలో ఉంటుంది. రెంటి నడుమ గోడ ఏదీ లేదు. సముద్రపు పోటు వచ్చినప్పుడు బావిలో నీరు లేస్తుంది, ఆటు వచ్చినప్పుడు దిగుతుంది. అయినా చేద వేస్తే తియ్యని నీరే వస్తుంది. రెండు జలాశయాలను, వాటి నడుమనున్న అడ్డుతెరను గురించి సూరహ్ ఫుర్ఖాన్‌లోను, సూరహ్ రహ్మాన్‌లోను మనం పారాయణం చేస్తుంటాం. ఆ ఆయతుల విశాలమైన భావాన్ని ఒక్క దీవి బావికి కుదించడం మా ఉద్దేశం కాదు. అయితే ఆ ఆయతులు చదివినవాడు ఈ బావి ముందు నిలబడితే అతని హృదయం తప్పక మెత్తబడుతుంది.

ఈ పొర ఎంత సున్నితమైనదో 19వ శతాబ్దం చివర గీబెన్ అనే డచ్చి ఇంజనీరు, 1901లో హెర్జ్‌బర్గ్ అనే జర్మనీ దేశస్థుడు లెక్కకట్టి చూపారు. బావిలో మంచినీటి మట్టం సముద్ర మట్టంకంటే ఒక అంగుళం పైన ఉంటే, దాని అడుగున మంచినీటి పొర సుమారు 40 అంగుళాల లోతు వరకు ఉండగలదు. ఈ లెక్కను తిరగవేసి చూడండి. మనం తోడివేసి మట్టాన్ని ఒక్క అంగుళం దించితే, కాలక్రమంలో అడుగునుండి ఉప్పునీరు 40 అంగుళాలు పైకి ఎగబాకుతుంది. పైన కనిపించే నష్టం ఒక వంతు, కనబడని నష్టం నలభై వంతులు! చిన్న దీవులలో ఈ పొర మొత్తం మందమే కొద్ది మీటర్లు. ఉప్పు ఒకసారి పైకి వచ్చిందంటే ఆ బావి తిరిగి తియ్యబడడానికి ఎన్నో వానకాలాలు పట్టవచ్చు. సూరహ్ వాఖిఅహ్‌లో అల్లాహ్ మనం త్రాగే నీటిని గుర్తుచేసి, తాను తలచుకుంటే అది నోట పెట్టలేని ఉప్పునీరు కాగలదని హెచ్చరించి, ఆపైన మన కృతజ్ఞతను గురించి అడిగాడు. దీవివాసులకు ఈ హెచ్చరిక తమ పెరటి బావిలోనే కనిపిస్తుంది.

మరి పూర్వీకులు ఇన్ని తరాలు ఆ నీటిని ఎలా కాపాడుకున్నారు? లక్షద్వీప్‌కు దక్షిణాన ఉన్న మాల్దీవులు కూడా ఇటువంటి పగడపు దీవులే. అక్కడ 1343-44 సంవత్సరాలలో ఖాజీగా పనిచేసిన యాత్రికుడు ఇబ్నె బతూతా తన యాత్రాగ్రంథంలో ఒక చిన్న సంగతి నమోదు చేశాడు. అక్కడి బావులు ఎంత పైపైన ఉంటాయంటే, కొబ్బరి చిప్పకు రెండు మూరల కర్ర తగిలించి దానితోనే నీరు ముంచుకుంటారట. చదివి ముందుకు సాగిపోదగినంత చిన్న విషయమిది. కాని నేటి శాస్త్రజ్ఞుడు చెప్పేదీ ఇదే. మీగడను పైపైన తీయాలి. గరిటె అడుగుకు దించి కలియబెడితే మీగడా దక్కదు, పాలూ చెడతాయి. కొబ్బరి చిప్ప పైనున్న తియ్యదనాన్ని మాత్రమే తీసుకుంటుంది. కరెంటు మోటారు ఒకేచోట పీల్చి అడుగునున్న ఉప్పును పైకి లాగుతుంది.

కవరత్తిలో దాదాపు ప్రతి ఇంటికీ ఒక బావి ఉన్నది. బావి ఒడ్డు ఎవరిదైనా, అడుగున ఉన్న నీటి పొర మాత్రం అందరిదీ ఒక్కటే. ఒక ఇంటి మోటారు అదుపు తప్పి నడిస్తే ఆ ఇంటి నీరే కాదు, ప్రక్క ఇంటి నీరు కూడా ఉప్పబడుతుంది. ఒక ఇంటి మరుగుదొడ్డి మురుగు ఇసుకలోకి ఇంకితే అది పొరుగింటి పసివాడి గ్లాసులోకి చేరుతుంది. లక్షద్వీప్ మొత్తం భూమి 32 చదరపు కిలోమీటర్లు. జనం 2011 నాటికే 64,473 మంది. చదరపు కిలోమీటరుకు 2 వేలకు పైబడి మనుషులు! సెప్టిక్ ట్యాంకుకూ బావికీ నడుమ ఎడం అంతకంతకూ తగ్గిపోతున్నదని భూగర్భ జల నిపుణులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు.

ఇక్కడ మన ఫిఖ్‌హ్ గ్రంథాలలోని ఒక మస్అలా జ్ఞాపకం చేసుకోవాలి. బంజరు భూమిలో ఎవరైనా బావి తవ్వితే దాని చుట్టూ 40 మూరల నేల ఆ బావికి ‘హరీమ్’ అవుతుంది. అంటే ఆ పరిధిలో మరొకరు బావి తవ్వి మొదటి బావి నీటిని లాగివేయరాదు. విద్యార్థులు ఈ అధ్యాయాన్ని ఎడారి పశువుల కాపరుల విషయంగా భావించి త్వరత్వరగా దాటివేస్తుంటారు. నిజానికి ఇందులో ఉన్న సూత్రం చాలా లోతైనది. భూమిపైన గీత గీసి ‘ఇది నాది’ అనవచ్చు. భూమి క్రింది నీటికి అటువంటి గీత లేదు. కనుక నా స్థలంలో నేను తవ్వుకుంటున్నాను, నీకేమిటి అనే మాట షరీఅత్ ముందు చెల్లదు. మనిషి తాను హాని పొందకూడదు, ఇతరునికి హాని చేయకూడదు. ఇల్లు ఇల్లు ఆనుకొని ఉన్న దీవిలో 40 మూరల ఎడం పాటించడానికి చోటు ఎక్కడిది? అక్కడ ఆ ఎడాన్ని నేలమీద కాక మనసులోనే పాటించాలి.

యంత్రాల సాయం గురించి కూడా చెప్పుకోవాలి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు 2005లో కవరత్తి తీరాన సముద్రపు నీటినుండి మంచినీటిని తీసే కర్మాగారం నెలకొల్పారు. తీరానికి చేరువలోనే సముద్రం వందల మీటర్ల లోతుకు దిగిపోవడం వారికి కలిసివచ్చింది. పైనున్న గోరువెచ్చని నీటిని గాలి ఒత్తిడి తగ్గించిన గదిలోకి పంపితే అది మంట అవసరం లేకుండానే ఆవిరి అవుతుంది. సుమారు 350 మీటర్ల లోతునుండి తెచ్చిన చల్లని నీటితో ఆ ఆవిరిని మళ్ళీ నీరుగా మారుస్తారు. రోజుకు 1 లక్ష లీటర్లు! 2011లో మినికాయ్, అగత్తి దీవులలో కూడా ఇటువంటివే ప్రారంభించారు. ఇది అల్లాహ్ ప్రసాదించిన బుద్ధికి లభించిన ఫలం, గొప్ప అనుగ్రహం. అయితే ఆ లక్ష లీటర్లను కవరత్తి జనాభాకు పంచి చూస్తే మనిషికి రోజుకు 9 లీటర్లకు మించదు. త్రాగడానికి, వంటకు సరిపోతుంది. స్నానానికీ, బట్టలకూ, వుజూకూ తిరిగి ఆ బావే దిక్కు. యంత్రం బావికి తోడు కాగలదు గాని, బావికి బదులు కాలేదు.

బయటినుండి వచ్చే ముప్పు మరొకటి ఉన్నది. సముద్రం వేడెక్కితే పగడాలు రంగు కోల్పోయి తెల్లబారతాయి. వేడి తగ్గకపోతే చనిపోతాయి. 1998, 2010, 2016 సంవత్సరాలలో లక్షద్వీప్ పగడాలకు ఈ విపత్తు వచ్చింది. 2017 డిసెంబరు ఆరంభంలో ఓఖీ తుపాను ఈ దీవులను కుదిపివేసింది. జనావాసం లేని పరళి-1 అనే చిన్న దీవి కోతకు గురై పూర్తిగా కనుమరుగైందని అదే సంవత్సరం వెల్లడైంది. గట్టు బలహీనపడితే అలలు నేలమీదికి వస్తాయి. వచ్చిన అల వెళ్ళిపోయినా, అది వదిలిన ఉప్పు బావిలోనే ఉండిపోతుంది. ఆ సముద్రాన్ని వేడి చేసినది కవరత్తి జాలరి కాదు. మన వంటి పెద్ద నేలలవారి పొగ, మన అవసరానికి మించిన వినియోగం అందులో చేరి ఉన్నాయి. హాని చేసినవాడు ఒకచోట, అనుభవించేవాడు మరొకచోట ఉన్నంత మాత్రాన లెక్క తప్పిపోదు. లెక్క తీసుకునేవాడు ఇద్దరినీ చూస్తున్నాడు.

సోదర సోదరీమణులారా! సముద్రానికీ వుజూకూ సంబంధించిన ఒక ప్రసిద్ధ హదీసును హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. ఓడలలో తిరిగే ఒక వ్యక్తి వచ్చి, తమ వెంట మంచినీరు కొద్దిగా మాత్రమే ఉంటుందని, దానితో వుజూ చేస్తే దప్పికకు మిగలదని, సముద్రపు నీటితో వుజూ చేయవచ్చునా అని దైవప్రవక్త (స)ను అడిగాడు. ఆ నీరు శుద్ధిపరిచేదేనని ఆయన (స) సెలవిచ్చారు. మనం ఈ హదీసునుండి నీటి మస్అలా ఒక్కటే నేర్చుకుంటాం. ప్రశ్నలోని జాగ్రత్తను కూడా నేర్చుకోవాలి. ఉన్న కొద్ది నీటిని దేనికి వాడాలి, దేనికి మిగల్చాలి అని లెక్క చూసుకున్న మనిషి అతను. ఆ లెక్కను ప్రవక్త (స) తప్పుపట్టలేదు, ఆదరించారు.

ఆయన (స) స్వయంగా ఒక ముద్దు నీటితో వుజూ, ఒక సాఅ్ మొదలు ఐదు ముద్దుల వరకు నీటితో గుసుల్ చేసేవారని సహీహ్ హదీసులలో ఉన్నది. మన హనఫీ లెక్క ప్రకారం చూసినా ముద్దు అంటే ఇంచుమించు ఒక లీటరు, సాఅ్ అంటే నాలుగు లీటర్లు. నేడు మన మసీదులలో కుళాయి పూర్తిగా విప్పి, మాటలాడుకుంటూ, తలకు మసహ్ చేసేటప్పుడు కూడా దానిని కట్టకుండా ఒక్క వుజూకు ఎన్ని లీటర్లు పారబోస్తున్నామో ఎవరికి వారు ఒకసారి బకెట్టు పెట్టి కొలిచి చూసుకోవచ్చు. లక్షద్వీప్ వాసులు అనుసరించే షాఫిఈ మస్లక్‌కు చెందిన ఇమామ్ నవవి (రహ్మ) ఒక మాట స్పష్టం చేశారు. సముద్రపు ఒడ్డున కూర్చున్నా సరే, నీటిని దుబారా చేయరాదన్న విషయంలో ఉలమాలు ఏకాభిప్రాయంతో ఉన్నారు. నీరు తరిగిపోతుందన్న భయం ఒక్కటే ఈ నిషేధానికి కారణమైతే సముద్రపు ఒడ్డున దాని అవసరమే ఉండదు. పొదుపు అనేది కొరతకు మందు మాత్రమే కాదు, దాసుని అదబు.

ఇది దూరపు దీవి సంగతి అని మనం ప్రక్కన పెట్టలేము. మన కృష్ణా, గోదావరి డెల్టాల తీర గ్రామాలలో అతిగా తోడిన బోర్లలోకి ఉప్పునీరు చేరడం వెనుక ఉన్నది కూడా ఇదే సూత్రం. పట్టణాలలో మునిసిపల్ కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగేవారు ఉన్నారు. వీధి చివర ఇంటిలోని వృద్ధురాలి బిందె ఆ రోజు నిండదు. ఆ మోటారు పెట్టినవాడు నమాజీ కావచ్చు, ఆ నీటితోనే వుజూ చేసి మొదటి సఫ్‌లో నిలబడవచ్చు. అయితే పొరుగువాని హక్కును లాగి తెచ్చిన నీటితో అవయవాలు కడుక్కున్నవాడు రేపు ప్రళయదినాన ఆ పొరుగువానికి ఏమని సమాధానం చెబుతాడు?

హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలోని రూమా బావిని తన సొమ్ముతో కొని ముస్లిములందరికీ వదిలివేశారు. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) మరణించిన తన తల్లి పేరున ఏ దానం చేయాలని అడిగి, నీరు అన్న జవాబు విని బావి తవ్వించారు. నేడు మనలో అందరికీ బావి తవ్వించే స్తోమత ఉండదు. కాని ఉన్న బావిని పాడుచేయకుండా ఉండడం కూడా సదఖాయే. ఇంటిలో కారుతున్న కుళాయిని ఈ వారమే బాగుచేయించండి. వుజూకు ఒక చెంబు నిర్ణయించుకొని పిల్లలకు దానితో అలవాటు చేయండి. డాబామీద పడే వాన వీధి కాలువ పాలు కాకుండా ఇంకుడు గుంతలోకి మళ్ళించండి. మరుగుదొడ్డి గుంత తవ్వించే ముందు మీ బావి ఎక్కడ ఉన్నదో చూసుకున్నట్లే పొరుగువాని బావి ఎక్కడ ఉన్నదో కూడా చూడండి. మసీదు కమిటీ పెద్దలు వుజూఖానా నీరు మొక్కలకో, నేలలోకి ఇంకడానికో మళ్ళేటట్లు ఏర్పాటు చేయడం కష్టం కాదు.

ఈ ఏడాది రుతుపవనాల కబురు వినిపించినప్పుడు మన పొలాల కోసం దుఆ చేసే చేతులతోనే మినికాయ్, అమిని, కవరత్తి బావుల కోసం కూడా దుఆ చేద్దాం. యా అల్లాహ్! మా సోదరుల బావులను తియ్యగా ఉంచు. వారి తీరాలను కాపాడు. మా వలన ఏ పొరుగువాని నీరూ ఉప్పబడకుండా మమ్మల్ని కాపాడు. ఇచ్చినదానికి కృతజ్ఞత చూపే సద్బుద్ధిని ప్రసాదించు. ఆమీన్.